శివారు హైస్కూల్ ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎప్పుడు చీలుతుంది

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలో మీరు ఇల్లు చూస్తున్న శివారు ఊళ్లో పబ్లిక్ హైస్కూల్ (ప్రభుత్వ బడి, 9 నుంచి 12 తరగతులు) 1958లో 600 మంది పిల్లలతో మొదలైంది. ఇప్పుడు 2,400 మంది ఉన్నారు, వెనకాల పోర్టబుల్ క్లాసురూములు, అంటే తెచ్చి పెట్టే తాత్కాలిక గదులు, వరసగా పెట్టారు. వచ్చే ఏడాది బాండ్ ఎన్నిక, అంటే భవనాల కోసం అప్పు తేవడానికి ఓటర్లను అడగడం, అది గెలిస్తే రెండో హైస్కూల్ కడతారు. స్నేహితులేమో "అది పాత స్కూల్, పక్క ఊళ్లో కొత్తది వచ్చింది, అక్కడ కొనుక్కో" అంటున్నారు. మీ పాప 6వ తరగతి. ఈ స్కూళ్లు ఇలా ఎందుకు పెరుగుతాయి, ఆ చరిత్ర తెలుసుకుంటే ఇల్లు కొనడానికి ఏమైనా పనికొస్తుందా అని మీ సందేహం.

పనికొస్తుంది. నేను ఇలాంటి స్కూల్లోనే 23 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఒకసారి ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో గీసే బౌండరీ కమిటీలో కూర్చుని ఊరందరి చేతా తిట్లు తిన్నాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు ట్రోఫీలు పెట్టిన అద్దాల బీరువా దగ్గర ఆగిపోకుండా కిందకి, నేల వైపు చూడండి. మా స్కూల్లో ముందు భాగంలో తొమ్మిది అంగుళాల చిన్న పలకలు ఉండేవి. అవి 50లలో వేసినవి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుందని పీకకుండా ఏటా పైన మైనం పూత వేసేవాళ్లు. కారిడార్‌లో ఒకచోట పలక పన్నెండు అంగుళాలకు మారుతుంది. కాస్త తేడాగా, ఒక అర అంగుళం మెట్టులాగా ఉండేది, కొత్త పిల్లలందరూ అక్కడ కాలు తట్టుకునేవాళ్లు. అది 60లలో పిల్లలు పట్టక కట్టిన మొదటి అదనపు భాగం. ఇంకా లోపలికి వెళ్తే కిటికీలే లేని గదులు. 70లలో చమురు కరువొచ్చి కరెంటు, హీటింగ్ ఖర్చు పెరిగినప్పుడు అలా కట్టారు. ఆ గదుల మధ్య గోడలు పైకప్పుదాకా వెళ్లవు. గోడలు లేని తరగతులైతే పిల్లలు స్వేచ్ఛగా నేర్చుకుంటారని అప్పట్లో ఒక ఫ్యాషన్ నడిచింది. నాలుగైదేళ్లకే చప్పుడు భరించలేక మధ్యలో అడ్డాలు కట్టారు. నేను త్రికోణమితి చెబుతుంటే పక్క గదిలో స్పానిష్ పాఠం మొత్తం మాకు వినిపించేది. రెండో జిమ్ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చి, ఆడపిల్లల ఆటలకూ సమానంగా చోటివ్వాల్సి వచ్చాక కట్టింది. ముఖద్వారం దగ్గర రెండు తలుపుల గది, బటన్ నొక్కితేగాని తెరుచుకోని తాళం, ఇవి 1999లో కొలంబైన్ కాల్పుల తర్వాత వచ్చినవి. ఆ స్కూల్ కూడా కొలరాడోలో ఒక శివారు పబ్లిక్ హైస్కూలే.

ఇలా ఒక్క భవనంలోనే మొత్తం కథ కనిపిస్తుంది. ఇక అంతకు ముందుది.

అమెరికాలో మొదటి పబ్లిక్ హైస్కూల్ 1821లో బోస్టన్‌లో పెట్టారు. కాలేజీకి వెళ్లని వ్యాపారుల, పనివాళ్ల పిల్లల కోసం. 1827లో మాసాచుసెట్స్ రాష్ట్రం 500 కుటుంబాలు దాటిన ప్రతి ఊరూ హైస్కూల్ నడపాలని చట్టం చేసింది. కానీ జనం పన్నుతో హైస్కూల్ నడపొచ్చా అన్న గొడవ చాలాకాలం తేలలేదు. "చిన్న బడి వరకు సరే, పెద్ద చదువులకు నా డబ్బెందుకు" అని మిషిగన్‌లో కలమజూ ఊళ్లో కొందరు కోర్టుకెక్కారు. 1874లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పన్ను వేయొచ్చని తీర్పిచ్చింది. మిగతా రాష్ట్రాలు ఆ దారే పట్టాయి. అలా అని వెంటనే ఏమీ నిండిపోలేదు. 1910లో కూడా పద్దెనిమిదేళ్ల వయసువాళ్లలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్లు నూటికి తొమ్మిది మందే. 1940కి సగం మంది. ఈ ముప్పై ఏళ్ల పెరుగుదల మీద పరిశోధన చేసినవాళ్లలో ముఖ్యమైన ఆవిడే 2023లో అర్థశాస్త్రం నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్. ఢిల్లీ నుంచి చట్టం వచ్చినట్టు వాషింగ్టన్ నుంచి ఆదేశం రాలేదు. ఊరూరా జనం తమ మీద తామే పన్ను వేసుకుని కట్టుకున్నారు. మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

1940 నాటికి దేశంలో స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతం బళ్లను నడిపే స్థానిక సంస్థలు, లక్షా 17 వేలు. ఇప్పుడు 13 వేల చిల్లర. ఒక్కో టీచరుండే పల్లె బడులను కలిపేసి, బస్సు పెట్టి, ఒకేచోట పెద్ద హైస్కూల్ కట్టారు. మీ పాప ఎక్కబోయే పసుపు బస్సు రంగు కూడా అప్పటిదే. 1939లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసర్ సమావేశం పెట్టి, అన్ని రాష్ట్రాలకూ ఒకే రంగు ఖాయం చేశారు. పొద్దున్న మసక వెలుతురులో పసుపు మీద నల్ల అక్షరాలు బాగా కనపడతాయని.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అసలు శివారు మొదలైంది. సైనికులకు ఇంటి అప్పులు తేలికగా దొరికాయి. 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంపలు పండే చేలల్లో లెవిట్‌టౌన్ లేచింది. నాలుగేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు. మొదట్లో ఆ అద్దె ఒప్పందాల్లోనే తెల్లవాళ్లకు తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదని రాసి ఉండేది. ఇది మరిచిపోకూడని సంగతి, ఎందుకంటే శివారు స్కూల్ ఎవరికి దక్కింది అన్నది అక్కడే తేలిపోయింది. కట్టినవాళ్లు ఇళ్లమ్ముకుని వెళ్లిపోతారు. బళ్లు కట్టే బరువు స్కూల్ డిస్ట్రిక్ట్ మీద పడుతుంది. ఫ్యాక్టరీలు, పెద్ద షాపులు లేని ఊరైతే పన్నంతా ఇళ్ల మీదే. చాలా శివార్లలో పిల్లలు పట్టక పొద్దున్న ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి నడిపారు.

ఇప్పుడు మీ స్కూల్ 1958 లెక్క చూడండి. యుద్ధం అయ్యాక పిల్లలు ఎక్కువగా పుట్టడం 1946లో మొదలైంది. ఆ పిల్లలు 9వ తరగతికి వచ్చేది 1960కి. అందుకే దేశమంతటా హైస్కూళ్ల మీద 1956, 57, 58, 59 సంవత్సరాలు చెక్కి ఉంటాయి. అదే సమయంలో 1957లో రష్యా స్పుత్నిక్ అనే మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని వదిలింది. మన పిల్లలు లెక్కల్లో, సైన్సులో వెనకబడ్డారని ఇక్కడ అందరికీ ఒకటే టెన్షన్. మరుసటేడు ఫెడరల్ ప్రభుత్వం డబ్బు దింపింది, లాబ్‌లు వచ్చాయి. 1959లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కొనంట్ ఒక నివేదిక ఇచ్చాడు. ఏటా కనీసం 100 మంది పాసై బయటికి రాని చిన్న హైస్కూళ్లను కలిపేయాలన్నాడు. అంత మంది లేకపోతే కాలేజీకి వెళ్లే పిల్లకు ఫిజిక్సూ, పనికి వెళ్లే పిల్లాడికి చేతిపనీ ఒకే కప్పు కింద చెప్పడం కుదరదని వాదన. 250, 300 మంది పిల్లలకు, కోర్సుల్లో కాలేజీ ఎంపికలో దారి చూపే కౌన్సెలర్ ఒకరు ఉండాలని కూడా అన్నాడు. పెద్ద స్కూళ్లు కట్టాలన్న సలహాను డిస్ట్రిక్టులు కళ్లకద్దుకున్నాయి. కౌన్సెలర్ల సలహా మాత్రం చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది. మీరు వెళ్లినప్పుడు కౌన్సెలర్‌కి ఎంతమంది పిల్లలని అడగండి, వాళ్ల ముఖం చూస్తే తెలుస్తుంది.

70లలో రెండు తీర్పులొచ్చాయి. వాటిని అర్థం చేసుకోకపోతే ఇక్కడ ఇంటి ధరకూ స్కూల్‌కూ ఉన్న ముడి అర్థం కాదు. 1973లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కేసు. పేద డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు, "మేం ఎక్కువ రేటు పన్ను కట్టినా మా ఇళ్ల ధర తక్కువ కాబట్టి స్కూల్‌కి డబ్బు తక్కువే వస్తోంది" అని వెళ్లారు. ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం చదువు ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 5–4తో చెప్పింది. మరుసటేడు డెట్రాయిట్ కేసు. నగరాన్నీ, చుట్టూ ఉన్న 53 శివారు డిస్ట్రిక్టులనూ కలిపి నల్ల, తెల్ల పిల్లలను ఒకే స్కూళ్లలో చదివించాలని కింది కోర్టు అంటే, ఆ శివార్లు తప్పు చేశాయని రుజువు లేకుండా వాటిని కలపడం కుదరదని మళ్లీ 5–4తోనే కొట్టేశారు. దాంతో డిస్ట్రిక్ట్ గీత గోడలా నిలబడిపోయింది. తర్వాత రాష్ట్రాల కోర్టుల్లో కొంత సర్దుబాటు జరిగింది. టెక్సస్‌లో 1993 నుంచి ఆస్తి ఎక్కువున్న డిస్ట్రిక్టుల దగ్గర కొంత తీసుకుని లేనివాటికి ఇస్తున్నారు, దాన్ని జనం రాబిన్ హుడ్ అంటారు. అయినా మీ రియల్టర్ మొదట చెప్పేది స్కూల్ పేరే కదా.

పెరుగుదల ఎప్పుడూ పైకే పోతుందని అనుకోకండి. దేశం మొత్తం మీద పబ్లిక్ స్కూళ్ల పిల్లలు 1971లో 4 కోట్ల 60 లక్షలు. 1984కి 3 కోట్ల 90 లక్షలకు పడిపోయారు. యుద్ధం తర్వాత ఎక్కువగా పుట్టిన ఆ పిల్లలు పెద్దవాళ్లైపోయారు, వాళ్ల తల్లిదండ్రులు ఆ ఇళ్లలోనే ఉండిపోయారు. పది, పదిహేనేళ్ల కిందట రిబ్బన్ కట్ చేసిన స్కూళ్లు మూతపడ్డాయి. కాలిఫోర్నియాలో అయితే 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 13 అనే నిబంధన వచ్చి ఆస్తి పన్నుకు 1 శాతం పరిమితి పెట్టడంతో అసలే అంతంతమాత్రం బళ్లు ఇంకా ఇబ్బంది పడ్డాయి.

దీని వెనకున్న సూత్రం చాలా సింపుల్. ఒక సబ్‌డివిజన్ (ఒకేసారి వేసే ఇళ్ల కాలనీ) కడితే మొదట చిన్న పిల్లలున్న జంటలు వస్తారు. ఐదేళ్లలో ఎలిమెంటరీ నిండుతుంది. పది, పన్నెండేళ్లకు హైస్కూల్ పగులుతుంది. ఇరవై ఏళ్లకు పిల్లలు కాలేజీకి పోతారు, అమ్మానాన్నలు మాత్రం కదలరు, స్కూల్ ఖాళీ. ముప్పై, నలభై ఏళ్లకు వాళ్లు అమ్ముకుంటే మళ్లీ కొత్త జంటలు వస్తారు. 60 ఏళ్ల స్కూల్ ఇప్పుడు కిటకిటలాడుతోందంటే ఊళ్లో ఇళ్లు చేతులు మారుతున్నాయనో, అంచుల్లో కొత్త ఇళ్లు లేస్తున్నాయనో అర్థం. రెండింటిలో ఏది అన్నది మీకు చాలా ముఖ్యం, కిందకి వచ్చాక చెబుతాను.

మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ డాలస్ ఉత్తరపు శివార్లు. ఫ్రిస్కో జనాభా 1990లో 6 వేల చిల్లర. 2020కి 2 లక్షలు దాటింది. 2003 దాకా అక్కడ ఒకటే హైస్కూల్. 2022కి పన్నెండోది తెరిచారు. ఒక్కోదాంట్లో రెండు వేల చిల్లర కంటే ఎక్కువ మంది ఉండకుండా, పిల్లలకు టీముల్లో, బ్యాండ్‌లో చోటు దొరకాలని వాళ్ల ఆలోచన. పక్కనే ఉన్న ప్లేనో వేరే దారి పట్టింది. 9, 10 తరగతులు ఒకచోట, 11, 12 తరగతులు పెద్ద సీనియర్ హైస్కూల్లో. ఇంకో పక్క ఆలెన్ ఊరంతటికీ ఒకే హైస్కూల్, 5 వేలు దాటిన పిల్లలు. ఊరు చీలిపోకూడదని పట్టుదల. 2012లో 6 కోట్ల డాలర్లతో 18 వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేసి, బాగుచేసి మళ్లీ 2015లో తెరిచారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు స్టేడియం సంగతి ఎరగరు. మూడు ఊళ్లూ ఇంచుమించు ఒకే రకం జనం, ఒకే రాష్ట్రం రూల్స్, మూడు రకాల హైస్కూళ్లు. ముందుగా నిండిన ప్లేనోలో పిల్లలు తగ్గి, 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని బోర్డు నిర్ణయించింది. ఇందాక చెప్పిన ఇరవై, ముప్పై ఏళ్ల లెక్క అక్కడ కళ్లముందే కనిపిస్తోంది.

ఇప్పుడు బాండ్ సంగతి. డిస్ట్రిక్ట్ రోజువారీ ఖర్చులు, అంటే జీతాలు, కరెంటు, ఒక ఖాతా. భవనాల కోసం తెచ్చే అప్పు ఇంకో ఖాతా. ఆ అప్పుకు ఓటర్లు ఒప్పుకోవాలి. టెక్సస్‌లో మీ పన్ను బిల్లు రేటులోనే ఈ రెండూ విడివిడిగా ఉంటాయి. బాండ్ డబ్బుతో టీచర్ల జీతం పెంచలేరు, అందుకే "బంగారం లాంటి భవనం కట్టి టీచర్లను తీసేస్తున్నారేమిటి" అని ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. రెండు జేబులు వేరు. కొన్నిచోట్ల సగం కంటే ఒక ఓటెక్కువ చాలు, కాలిఫోర్నియాలో 2000 దాకా మూడింట రెండొంతులు కావాల్సి వచ్చేది, ఆ తర్వాత 55 శాతానికి తగ్గించారు. ఓడిపోతే పోర్టబుల్స్ ఇంకో రెండు వస్తాయి. మా స్కూల్‌కి "రెండేళ్ల కోసం" తెచ్చిన పోర్టబుల్స్‌లో నేను 11 ఏళ్లు పాఠం చెప్పాను.

గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న మనవాళ్లకు ఇక్కడొక మెలిక. ఇల్లు కొంటే పన్ను కడతాం, ఓటు మాత్రం లేదు. కానీ బోర్డు మీటింగులో లేచి మాట్లాడ్డానికి సిటిజెన్ అక్కర్లేదు. పేరు రాయించుకుంటే సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. మనవాళ్లు వాట్సాప్ గ్రూపులో మూడొందల మెసేజ్‌లు పెడతారు, ఆ మూడు నిమిషాలకు మాత్రం ఎవరూ రారు.

బౌండరీ కమిటీ అనుభవం కూడా చెప్పాలి. రెండో హైస్కూల్ కడితే ఊరిని ఎక్కడ చీల్చాలో గీసేది ఆ కమిటీ. గోడ మీద పెద్ద మ్యాపు, రంగు పెన్సిళ్లు. మొదట వేసిన గీత ఒక వీధి మధ్యలోంచి పోయింది. మీటింగులో ఒకాయన బస్సు నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుందని స్ప్రెడ్‌షీట్ చూపించాడు. అసలు బాధ ఇంటి ధర అని అందరికీ తెలుసు. తర్వాత 9వ తరగతి అమ్మాయి లేచి, మా ఎదురింటి అమ్మాయీ నేనూ కిండర్‌గార్టెన్ నుంచి ఒకే బస్సు ఎక్కుతున్నాం, ఇప్పుడు మా ఇద్దరి మధ్య మీ గీత ఉంది అంది. కూర్చుంది. గీతను ఇళ్ల వెనక కంచెల మీదుగా వాగు దాకా జరిపాం. దాంతో వాగు అవతలి సబ్‌డివిజన్ మొత్తం కొత్త స్కూల్‌కి పోయింది, వాళ్లలో కొందరు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. గీతలు వాగుల మీద, హైవేల మీద, పెద్ద రోడ్ల మీద ఆగుతాయి. మీరు చూస్తున్న ఇల్లు అలాంటి అంచుకి ఆనుకుని ఉందా?

పాత స్కూలా, కొత్త స్కూలా అన్నదానికి నా సమాధానం సూటిగా చెబుతాను. భవనం వయసు చూసి భయపడొద్దు. 2,400 మంది ఉన్న పాత స్కూల్లో కోర్సులు నిండుగా ఉంటాయి, ఏళ్ల తరబడి పాతుకుపోయిన టీచర్లుంటారు. ఇబ్బందేమిటంటే టీముల్లో చోటుకు పోటీ, కౌన్సెలర్ మీద భారం. కొత్త స్కూల్లో రంగులు మెరుస్తాయి, మొదటి రెండు మూడేళ్లు పై తరగతులే ఉండవు. మా స్కూల్ చీలినప్పుడు, కాల్క్యులస్ పూర్తయినవాళ్లకు నేను చెప్పే పై క్లాసులో 31 మంది ఉండాల్సింది. ఇక్కడ 17, అక్కడ 14 అయ్యారు. ఆ ఏడాది రెండుచోట్లా ఆ క్లాసు ఎత్తేశారు. ఏ రేటింగ్ సైట్‌లోనూ ఇది కనిపించదు. ఆ సైట్ల అంకెలు చాలావరకు అక్కడి కుటుంబాల ఆదాయాన్నే ఇంకో రూపంలో చూపిస్తాయి.

మీరు చేయాల్సినవి రెండు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పిల్లల సంఖ్య అంచనాల రిపోర్ట్ ఉంటుంది, చాలా డిస్ట్రిక్టులు ఏటా డెమోగ్రాఫర్‌తో (జనాభా లెక్కల నిపుణుడితో) చేయిస్తాయి. పెరుగుదల పాత ఇళ్లు చేతులు మారడం వల్లా, అంచున కొత్త ఇళ్ల వల్లా అన్నది అందులో తేలుతుంది. పాత ఇళ్ల వల్లైతే రెండో స్కూల్ అవసరం త్వరగా తీరిపోవచ్చు, అంచుల వల్లైతే తప్పనిసరి. తర్వాత కౌంటీ ఆస్తి రికార్డుల మ్యాపు తెరిచి, డిస్ట్రిక్ట్ పేరు మీద పెద్ద ఖాళీ స్థలం ఎక్కడుందో వెతకండి. హైస్కూల్ స్థలాలు చాలా ముందే కొనిపెట్టుకుంటారు. ఆ స్థలానికి దగ్గరి ఇళ్లు కొత్త స్కూల్ వైపు వెళ్లడం దాదాపు ఖాయం.

ఇక మీ పాప. బాండ్ గెలిచాక డిజైన్, కట్టడం అంతా కలిపి మూడు, నాలుగేళ్లు. వచ్చే ఏడాది గెలిస్తే ఇప్పటి నుంచి నాలుగు, ఐదేళ్లకు కొత్త స్కూల్ తెరుస్తారు. కొత్త స్కూల్‌ను మామూలుగా 9, 10 తరగతులతో మొదలుపెట్టి, 11, 12 వాళ్లను పాత దాంట్లోనే ఉంచుతారు. నాలుగేళ్లకు తెరిస్తే మీ పాప 10వ తరగతి, మీ ఇల్లు గీతకు అటువైపు ఉంటే స్కూల్ మారాలి. ఐదేళ్లకు తెరిస్తే 11, పాత స్కూల్లోనే పూర్తి చేస్తుంది. ఇది డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది కాబట్టి, ఇంతకు ముందు బౌండరీలు మార్చినప్పుడు ఏ తరగతి వాళ్లను కదపలేదో బోర్డు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. ఇంటి మీద ఆఫర్ వేసే ముందే చేయండి.